తెలిసినవాడు ఓడ దిగరాదు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



చిత్తకార్తె ప్రవేశించినది మొదలు స్వాతికార్తె గడచువరకు మన దేశములో ఆకాశమువైపు చూచు కన్నులు ఎక్కువ. కోతకు వచ్చిన చేను గల రైతు చూచును. పడవను గట్టున చేర్చిన జాలరి చూచును. ఇప్పుడు వీరితోకూడ మరియొక జట్టు బయలుదేరినది. వీరికి చేను లేదు, పడవ లేదు. వీరు పట్నవాసులు. కాలేజిలో చదువుకొనువారు, ఆఫీసులలో పనిచేయువారు, దుకాణములలో కూర్చుండువారు. అండమాను దీవుల దగ్గర అల్పపీడనము పుట్టినదని వినగానే వీరికి నిద్రపట్టదు. ఉపగ్రహము తీసిన మేఘముల చిత్రములను గంట గంటకు చూచుచుందురు. యూరోపువారి లెక్క ఒకలాగు, అమెరికావారి లెక్క మరియొకలాగు చెప్పినయెడల రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి వాదించుకొందురు. మేడమీద వానకొలత పాత్రను నిలిపి, కురిసిన వానను మిల్లీమీటర్లలో వ్రాసికొందురు. 'తెలంగాణ వెదర్‌మ్యాన్' అను పేరుతో ఒక యువకుడు చెప్పు మాటలను వేలాదిమంది సెల్‌ఫోనులలో ఎదురుచూచుచుందురు. రాష్ట్రమంతట వెయ్యికి పైగా స్వయముగా వ్రాసికొను వానకొలత కేంద్రములు ఉండుటచేత ఏ బస్తీలో ఎంత కురిసినదో అప్పటికప్పుడే తెలియుచున్నది.

ఇది లోకసంబంధమైన వ్యర్థ వ్యాపారమని కొందరు పెద్దలు విసుగుకొందురు. ప్రభువు అట్లు అనలేదు. మత్తయి సువార్త 16వ అధ్యాయములోను, లూకా సువార్త 12వ అధ్యాయములోను ఆయన ఆకాశపు రంగును, పడమట లేచు మబ్బును, దక్షిణపు గాలిని గురించి మాటలాడెను. సాయంకాలపు ఎరుపు ఏమి తెలుపునో, ఉదయకాలపు ఎరుపు ఏమి తెలుపునో జనులకు తెలియునని ఆయన ఒప్పుకొనెను. తెలిసికొన్నందుకు వారిని గద్దింపలేదు. తెలిసిన తరువాత చేయవలసినదానిని విడిచిపెట్టినందుకు గద్దించెను. మన పల్లెలలోను చంద్రునిచుట్టు వరదగుడి కట్టినప్పుడు, చీమలు గ్రుడ్లు మోసికొని మెరకకు పోవునప్పుడు పెద్దలు గడ్డివామిని కప్పుకొనుచుండిరి. ఆకాశమును చదువు తెలివి దేవుడిచ్చినదే. ఆ తెలివి ఎవరికొరకు ఇయ్యబడెను అనునది ఈ మాసము మనము ధ్యానింపవలసిన ప్రశ్న.

పల్లెసంఘమును కాయు పాదిరికి హైదరాబాదు పాతబస్తీ ఊసెందుకని ఎవరైనను అడుగవచ్చును. మన పల్లెల బిడ్డలు అనేకులు పని వెదకుకొనుచు పట్నము చేరియున్నారు. కిరాయి ఎక్కడ తక్కువయో అక్కడ కాపురము పెట్టుదురు. కిరాయి తక్కువగా ఉండు స్థలము నీరు వచ్చు స్థలమే. చాదర్‌ఘాట్ దగ్గర మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్. దక్షిణమున చెరువుల దిగువనున్న కాలనీలు. ఇట్టి చోట్ల వారు ముస్లిము పొరుగువారితో గోడకు గోడ కలిపి జీవించుచున్నారు. కాబట్టి పాతబస్తీమీద కమ్ము మబ్బు మన పల్లెలమీద కమ్మినట్టే.

మన ధ్యానభాగములోని కాలమును గమనించుడి. యూదుల ఉపవాసదినము అప్పటికే గడచెనని లూకా వ్రాయుచున్నాడు. అది ప్రాయశ్చిత్తార్థ దినము. సెప్టెంబరు నెలాఖరునగాని అక్టోబరులోగాని వచ్చును. ఆ దినము దాటిన తరువాత మధ్యధరా సముద్రముమీద ప్రయాణము ప్రాణాంతకమని ఆనాటి ఓడవారందరికి తెలియును. మన బంగాళాఖాతమునకును దాదాపు అదే కాలము గండము. ఋతుపవనములు తిరుగుముఖము పట్టినను సముద్రపు నీరు ఇంకను వెచ్చగానే యుండును. ఆ వెచ్చని నీటినుండి లేచు ఆవిరియే వాయుగుండమునకు ఆహారము. తీరము దాటి నేలమీదికి రాగానే ఆ ఆహారము తెగిపోవును గనుక గాలి నీరసించును. అయినను మోసికొనివచ్చిన నీటిని అది ఎక్కడనో ఒకచోట కుమ్మరింపక మానదు. హైదరాబాదు సముద్రమునకు దూరముగా మెట్టభూమిమీద ఉన్నందున, సముద్రతీరమున గాలియై కొట్టినది అక్కడికి నీరై చేరుచుండును.

ఈ అధ్యాయమునుండి మూడు సంగతులను ధ్యానింతము.

1. మెల్లని దక్షిణపు గాలి

పౌలు ఖైదీగా రోమాకు పోవుచున్నాడు. మంచిరేవులు అను చోట ఓడ ఆగెను. ఇకమీద సాగినయెడల సరకునకు, ఓడకు, ప్రాణములకు కూడ నష్టము కలుగునని పౌలు ముందుగా చెప్పెను. శతాధిపతియైన యూలి ఆ ఖైదీ మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. పై రేవు చలికాలమునకు సౌకర్యమని ఎక్కువమంది ఆలోచన. అంతలో దక్షిణపు గాలి మెల్లగా వీచెను. తమ ఆలోచన నెరవేరినదే అనుకొని లంగరెత్తిరి. కొంచెము సేపటికే క్రేతు కొండలమీదనుండి ఊరకులోను అను పెనుగాలి దిగి వారిమీద పడెను.

ప్రియులారా, ప్రమాదమునకు ముందు వచ్చు దినము తరచుగా మంచి దినమే. ఎండ కాయును, బజారు నడచును, పెండ్లి బాజాలు మ్రోగును. హెచ్చరించినవాడు వెర్రివానివలె కనబడును.

హైదరాబాదువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదిన మూసీనది పొంగి నగరమును ముంచెను. బంగాళాఖాతమునుండి వచ్చిన తుపాను వానయే దానికి కారణము. ఏటి పైభాగమున చెరువులు ఒకదానిమీద ఒకటిగా తెగెను. ఆ పరీవాహక ప్రాంతములో 788 చెరువులుండగా 221 తెగినవని, తరువాత వచ్చి పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వ్రాసియున్నారు. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిని రాకపోకలు తెగెను. 1578లో కట్టిన పురానాపూల్ నిలిచెను. సుమారు పదునైదువేలమంది చనిపోయిరని అంచనా. ఉర్దూ కవియైన అంజద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కుమార్తెను ఆ నీటిలోనే పోగొట్టుకొని ఒంటరిగా బ్రదికి బయటపడెను.

ఆ వరదకు కొన్ని యేండ్ల ముందే, 1901లో, నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు పాతబస్తీలోని ఫిసల్‌బండలో తన సొంత ధనముతో ఇంగ్లండునుండి దూరదర్శినిని తెప్పించి వేధశాల నిలిపెను. ఆకాశముమీది ప్రేమచేతనే ఆయన ఆ పని చేసెను. 1908లోనే నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించగా అది బేగంపేటలో నిజామియా వేధశాలగా ప్రసిద్ధికెక్కెను. అది గొప్ప పనియే. అయితే నక్షత్రమును చూపు అద్దము, ఎగువన తెగిన చెరువును చూపలేదు. పైన తెగిన నీరు క్రిందికి చేరులోపల ఆ వార్తను పరుగెత్తించి, నిద్రించువారిని లేపు ఏర్పాటు లేకపోయెను.

వరద తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాచొప్పున మూసీమీద ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీమీద హిమాయత్‌సాగర్ 1927లోను సిద్ధమాయెను. ఇవి ఆ తరమువారి సిద్ధపాటు. నేటికిని మనము వాటి మేలు అనుభవించుచున్నాము. అయినను తండ్రుల సిద్ధపాటు బిడ్డల సిద్ధపాటునకు బదులు కాదు. 2025 సెప్టెంబరు 26వ తేది రాత్రి ఆ జలాశయముల తలుపులెత్తి వదలిన నీటితో మూసీ పొంగి మహాత్మాగాంధి బస్సు స్టేషనులోనికి ప్రవేశించెను. బతుకమ్మ, దసరా పండుగల ప్రయాణికులు అర్ధరాత్రి నీటిలో చిక్కుకొనిరి.

2. యోనా వేసికొన్న పందిరి

రెండవ సంగతికై ఒక్క నిమిషము యోనా గ్రంథమునకు పోవుదము. నీనెవెకు నాశనము రానున్నదని యోనాకు తెలిసెను. దానిని ప్రకటించెను. ప్రకటించిన తరువాత ఏమి చేసెను? పట్టణము వెలుపల తూర్పుదిక్కున ఒక పందిరి వేసికొని, పట్టణమునకు ఏమి సంభవించునో చూడవలెనని దాని నీడలో కూర్చుండెను.

ఆకాశమును ప్రేమించు మన యువకులారా, మీతోనే ఈ మాట చెప్పుచున్నాను. మీ శ్రద్ధను నేను గౌరవించుచున్నాను. పెద్ద గాలివాన వచ్చుచున్నదనినప్పుడు మీ గుండెలో ఒక ఉత్సాహము పుట్టునని మీలో కొందరు నిష్కపటముగా ఒప్పుకొందురు. మబ్బులు సుడి తిరుగుట, మధ్యన కన్ను ఏర్పడుట, వేగము గంటకు ఎన్ని కిలోమీటర్లు అనుట, ఇవన్నియు ఆశ్చర్యకరములే. సృష్టికర్త కార్యములను చూచి ఆశ్చర్యపడుట పాపము కాదు. తుపాను బలహీనపడినదని తెలిసినప్పుడు మనస్సులో కొంచెము నిరాశ కలిగినయెడల మాత్రము, అక్కడ ఆగి ప్రార్థింపవలెను. నేను పందిరి క్రిందనున్నానా, పట్టణములో నున్నానా అని అడుగుకొనవలెను.

యోనాకు దేవుడు చూపినదేమి? కుడియెడమలు తెలియని లక్షయిరువదివేలకు మించిన మనుష్యులను, వారి పశువులను చూపెను. గాలి వేగమును కొలువకముందు ఆ గాలి త్రోవలోనున్న ఇండ్లను లెక్కింపుమని దాని భావము. ఏ ఇంటిలో మంచముపట్టిన ముసలితల్లి యున్నది? ఏ ఇంటిలో నిండుచూలాలు ఉన్నది? ఏ గది నేలకంటె పల్లముగా ఉన్నది? ఏ గోడ పోయిన వానలకే వంగియున్నది? ఇవి ఏ ఉపగ్రహమునకును కనబడవు. ఆ వీధిలో నడచిన మనుష్యునికే కనబడును.

2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేది ఉదయము తీవ్ర వాయుగుండము కాకినాడ దగ్గర తీరము దాటి తెలంగాణమీదికి వచ్చెను. ఒక దినములో బేగంపేటలో సుమారు 19 సెంటిమీటర్లు, నగరమునకు తూర్పుననున్న ఘట్‌కేసరు దగ్గర సుమారు 32 సెంటిమీటర్లు వాన కురిసెను. ఆ రాత్రియే బండ్లగూడలో ఒక పెద్ద గోడ ఇండ్లమీద కూలి పసిబిడ్డలతోకూడ పలువురు చనిపోయిరి. పల్లెచెరువు కట్ట తెగి నీరు కాలనీలమీద పడెను. నాలుగు దినములు గడచి, జనులు ఇంటిలోని బురదను ఇంకను ఎత్తిపోసికొనుచుండగానే, 17వ తేది రాత్రి గుర్రంచెరువు తెగి హాఫిజ్‌బాబానగర్ వీధులను ముంచెను. వాన వచ్చునని ముందుగా తెలుపబడెను. ఎంత వాన అనునదియు చాలవరకు తెలుపబడెను. ఆ గోడ క్రింద పండుకొన్నవారికి మాత్రము, ఈ రాత్రి ఇక్కడ పండుకొనవద్దు, లేచి రండి అని చేయి పట్టుకొని చెప్పువారు కావలసియుండిరి.

ఇక్కడ మరియొక మాట. ఇట్టి మరణములు సంభవించినప్పుడు వారి పాపమే వారిమీదికి వచ్చెనని పలుకు నాలుకలు ఉన్నవి. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు యెరూషలేములో అట్టి మాటలే పుట్టెను. చనిపోయినవారు మిగిలినవారికంటె ఎక్కువ అపరాధులు కారని ప్రభువు ఖండితముగా చెప్పెను; బ్రదికియున్నవారినే మారుమనస్సు పొందుడని హెచ్చరించెను (లూకా 13వ అధ్యాయము). కాబట్టి కూలిన గోడను చూచినప్పుడు చనిపోయినవారికి తీర్పు తీర్చుట మన పని కాదు. ఇంకను కూలకుండనున్న గోడను వెదకి, దాని ప్రక్కన నిద్రించువారిని లేపుట మన పని.

3. ఓడవారు దింపిన పడవ

ఇప్పుడు తిరిగి పౌలు ఓడకు వత్తము. పదునాలుగవ రాత్రి. అనేక దినములుగా సూర్యుడు లేడు, నక్షత్రములు లేవు. నడిరాత్రివేళ ఓడవారికి నేల దగ్గరపడుచున్నట్టు తోచెను. బుడుదు వేసి చూడగా ఇరువది బారలు, మరికొంత దూరము పోయి చూడగా పదునైదు బారలు. ఆ లెక్క అర్థము ఆ ఓడలో ఎవరికి తెలిసెను? ఓడవారికి మాత్రమే. సైనికులకు తెలియదు, ఖైదీలకు తెలియదు. తెలిసిన ఆ ఓడవారు ఏమి చేసిరో చూడుడి. ముందటి భాగమున లంగరులు వేయబోవుచున్నట్టు నటించుచు చిన్న పడవను సముద్రములోనికి దింపిరి. తెలివిగలవారు తెలియనివారిని విడిచి తప్పించుకొనజూచిరి.

పౌలు శతాధిపతితోను సైనికులతోను మాటలాడి, ఈ ఓడవారు ఓడలో నిలువనియెడల మీ ప్రాణములు దక్కవని తెలియజేసెను. సైనికులు పడవత్రాళ్లు కోసి దానిని పోనిచ్చిరి.

ఈ మాటలో ఒక లోతైన సంగతి ఇమిడియున్నది. ఆ ఓడలో ఎవరి ప్రాణమునకును హాని కలుగదని దేవుని దూత అంతకు ముందే పౌలునకు వాగ్దానము చేసియుండెను. ఆ వాగ్దానమును నమ్మినవాడే, ఓడవారు పోయినయెడల రక్షణలేదని చెప్పుచున్నాడు. అయితే అతని విశ్వాసము తగ్గినదా? తగ్గలేదు. దేవుడు తాను చేయదలచిన రక్షణను ఆ ఓడవారి చేతులద్వారానే చేయదలచెనని పౌలు గ్రహించెను. వాగ్దానము త్రాడును, తెడ్డును, లంగరును కొట్టివేయదు. మనకు ప్రార్థన ఉన్నది, మంచినీరు పట్టిపెట్టుకొనుట ఎందుకు అనువారు ఈ వచనమును చదువవలెను. నేను జాగ్రత్తపడితిని, ఇక ప్రార్థన ఎందుకు అనువారును చదువవలెను. పౌలు ఆ తెల్లవారుజామున రొట్టె పట్టుకొని అందరియెదుట దేవునికి కృతజ్ఞతలు చెల్లించెను. మీరు తినుడి, బలము తెచ్చుకొనుడని బ్రతిమాలెను కూడ.

నేటి పడవ ఏది? ఎఱ్ఱ హెచ్చరిక వచ్చినదని తెలియగానే తన వాహనమును మెరకకు చేర్చుకొని, తన బియ్యమును అటకమీదికి ఎక్కించుకొని, తన వారికి మాత్రము వార్త పంపి తలుపు వేసికొనుటయే ఆ పడవ. వాట్సాప్‌లో వంద గుంపులకు ఒక చిత్రమును పంపి, నా బాధ్యత తీరినదనుకొనుటయు ఒక విధమైన పడవయే. లంగరు వేయుచున్నట్టు కనబడును గాని అది ఓడను ఆపదు. చదువురాని తల్లికి ఆ చిత్రములోని రంగులు ఏమి తెలుపును? పచ్చరంగు భయము లేదనుట, పసుపు గమనించుమనుట, నారింజ సిద్ధపడుమనుట, ఎరుపు వెంటనే చర్య తీసికొనుమనుట అని వాతావరణశాఖవారి నియమము. ఆ రంగును ఆమె ఇంటి మాటలోనికి మార్చి చెప్పువాడు కావలెను. అమ్మా, ఈ రాత్రి పిల్లలను తీసికొని పైయంతస్తుకు పొండి, కరెంటు మెయిను ఆపుడి, రేషను కార్డును కాగితములను ప్లాస్టిక్ సంచిలో కట్టుకొనుడి అని చెప్పవలెను.

వార్త గడపవరకు చేరుట ఎంత భేదము కలుగజేయునో మన తీరము ఎరుగును. 1977 నవంబరు 19వ తేదిన దివిసీమలో ఉప్పెన వచ్చినప్పుడు సుమారు పదివేలమంది చనిపోయిరి. ప్రతి గుడిసెకు పోయి జనులను లేపి, గట్టి కట్టడములోనికి నడిపించు ఏర్పాటు ఆ దినములలో చాలినంతగా లేదు. 2014 అక్టోబరు 12వ తేది ఆదివారమున హుద్‌హుద్ విశాఖపట్టణమును కొట్టెను. ఇండ్ల కప్పులు లేచిపోయెను, చెట్లు కూలెను. అయినను ఆంధ్ర రాష్ట్రములో మరణించినవారు నూరుమందికి లోపలే. గాలి దయతలచుటచేత కాదు. ముందుగా తెలిసినది ముందుగా చెప్పబడి, చెప్పబడిన జనులు ముందుగా కదిలింపబడుటచేత. 2025 అక్టోబరు 28వ తేది రాత్రి మొంథా తుపాను నరసాపురము దగ్గర తీరము దాటెను. అది నీరసించి లోపలికి వచ్చి, మరునాడు వరంగల్లు హనుమకొండ వీధులను ముంచెను. సముద్రము మనకు దూరమని నిర్భయముగానుండు మెట్టప్రాంతపువారికి అది హెచ్చరిక.

అయితే ఎవరికి చెప్పవలెను? మన సంఘస్థులకా? కర్మెలు పర్వతముమీద ఏలీయాను జ్ఞాపకము చేసికొనుడి. సముద్రముమీద మనుష్యుని చేయియంత మేఘము లేచెనని అతని పనివాడు వచ్చి చెప్పగానే, ఏలీయా మొదటి వార్త ఎవరికి పంపెను? అహాబునకు. వాన అడ్డగింపకముందే రథము సిద్ధపరచుకొని దిగిపొమ్మని చెప్పించెను. అహాబు అతని మిత్రుడా? అతని ప్రాణము తీయ వెదకిన ఇంటివాడు. పగవానికే వానవార్త పంపిన ప్రవక్త మనకు మాదిరియైనప్పుడు, పండుగనాడు సేమియా పంపు పొరుగువారి తలుపు తట్టుటకు మనకు సందేహమెందుకు? 2020 వరదలలో పాతబస్తీ యువకులు మోకాలిలోతు నీటిలో అన్నపు పొట్లములు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిరి. తినువారి మతమేమని వారు అడుగలేదు. వారు చేసిన మేలును మనము కృతజ్ఞతతో ఒప్పుకొనవలెను, నేర్చుకొనవలెను.

కాబట్టి ప్రతి సంఘము కార్తెలు మారకమునుపే కొన్ని సంగతులు నిర్ణయించుకొనవలెనని బ్రతిమాలుకొనుచున్నాను. ఆ రాత్రి గుడి తాళపుచెవి ఎవరియొద్ద ఉండును? వాన హోరులో తలుపు తట్టినయెడల అతడు లేచునా? గుడి మెరకనున్నయెడల జంబుఖానాలు, త్రాగునీరు, లాంతరు, అగ్గిపెట్టె ఎక్కడ ఉండవలెను? గుడి పల్లమందున్నయెడల సమీపమున ఏ బడి, ఏ ఫంక్షను హాలు తెరువబడును? యౌవనస్థులలో ఆకాశమును చదువగలవారు ఎవరు? వారికి తోడుగా వీధులను ఎరిగిన స్త్రీల సమాజమువారు ఎవరు? ఒకరు చెప్పవలెను, ఒకరు నడువవలెను. వార్తను నిర్ధారణచేసికొనకుండ పంపరాదు. తెగని చెరువు తెగినదని చెప్పినవాడు, మరుసటి దినమున నిజముగా తెగినప్పుడు నమ్మబడడు. పారుచున్న నీటిలోనికి, మూతలేని నాలాల వైపునకు ఎవరును పోకుండ పెద్దలు నిలువవలెను.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణములో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. 1908 వరదలో దాని కొమ్మలను పట్టుకొని సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టుమీద వేలాడిన వారిలో ఎవరెవరో చెట్టు అడుగలేదు. తన వేళ్లు పట్టుకొన్న నేలను విడిచిపెట్టలేదు. నీరు పొంగినప్పుడు ఎక్కుటకు అట్టి చోటు లేనివారు పల్లపు బస్తీలలో నేటికిని ఉన్నారు.

ఓడలో రెండువందల డెబ్బదియారుమంది ఉండిరని లూకా లెక్కపెట్టి వ్రాసెను. ఓడ బద్దలాయెను, గోధుమలు సముద్రము పాలాయెను. ఈదగలవారు ఈదిరి, ఈదలేనివారు పలకలమీదను, ఓడ చెక్కలమీదను మెలితే ఒడ్డునకు చేరిరి. ఒక్కరును లెక్క తప్పలేదు. మన ప్రభువు తానే గాలివానలో పడవ విడువక శిష్యులతోకూడ ఉన్నవాడు. ఆయన ఆకాశమందలి మహిమను పట్టుకొని పైననే కూర్చుండక, మునిగిపోవు మనయొద్దకు దిగివచ్చెను. ఆయన వారమగు మనము, మనకు తెలిసినదానిని పట్టుకొని ఒంటరిగా ఒడ్డు చేరుట ఆయనకు తగిన పని కాదు.

ఈసారి సముద్రములో గుండము లేచినదను వార్త మీకు అందినప్పుడు, ఫోను క్రింద పెట్టి మూడు ఇండ్లను తలంచుకొనుడి. మీ వీధిలో పల్లమందున్న ఇల్లు ఒకటి, ఒంటరివాని ఇల్లు ఒకటి, మీతో మాటలులేనివాని ఇల్లు ఒకటి. చీకటి పడకముందే ఆ మూడు తలుపులు తట్టుడి.

ప్రార్థన: గాలిని నీ భండారములోనుండి రప్పించు దేవా, ఆకాశమును చదువు తెలివి నీవే మాకిచ్చితివి. ఆ తెలివితోకూడ పొరుగువానిమీద ప్రేమను దయచేయుము. పల్లములో నిద్రించు బిడ్డలను, ఒంటరి వృద్ధులను, నీటిలో నిలిచి పనిచేయు వారిని కాపాడుము. మేము పందిరి క్రింద కూర్చుండకుండ, పడవ దింపుకొనకుండ, నీవు మమ్మును ఉంచిన ఓడలోనే నిలుచునట్లు కృప చూపుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.